నేలది నేలకే

కొండవాలు ఇంటి నుంచి,
తొలకరికి ముందు

ఆడపడుచు గారికి,

మీ వదినను, బతికే ఉన్నాను. నేను రాసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. నువ్వూ రాయలేదు కాబట్టి చెల్లుకు చెల్లు. ఫోన్ చేయొచ్చుగా అని మాత్రం అనకు. టవరు కొండకు అవతల పెట్టారు. సిగ్నల్ కోసం గట్టెక్కితే నా ఆయాసం వినడంతోనే నీ పొద్దు గడిచిపోతుంది.

దీంతో పాటు రెండు మట్టి పొట్లాలు వస్తాయి. ఎర్ర దారం కట్టింది పెద్ద వాలు మట్టి, తెల్ల దారం కట్టింది ఇంటి వెనక మట్టి. పెద్ద వాలు నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు అట్టముక్క మీద కూర్చుని జారి మోకాళ్లు చీరుకునేదానివట. ఇప్పుడు జారడానికి అక్కడ గడ్డి లేదు. పోయినేడు మచ్చలు మచ్చలుగా పోయింది, ఈ ఏడు బట్టతల అయిపోయింది. మీ అన్నయ్య దాచుకున్న విత్తనం తీసి చల్లారు. అదే విత్తనం నేను వంటింట్లో తడిగుడ్డలో చుట్టి పెడితే బుద్ధిగా మొలిచింది. వాలు మీద మాత్రం ఒక్కటి తల ఎత్తదు.

దొంగ ఎవరో తెలుసు. ఆ తెల్లపూల మొక్క, వయ్యారిభామ. ఆ పేరు పెట్టినవాడు దాన్ని దూరం నుంచి చూసి ఉంటాడు. మొదట దారి పక్కన కాసిని వచ్చాయి, ఆవులు ఎలాగూ ముట్టవు, ఉండనీలే అనుకున్నాం. ఏకై వచ్చి మేకై కూర్చుంది. మీ అన్నయ్య రోజూ పీకుతున్నారు, వట్టి చేతులతో. చేతి తొడుగులు కొనిచ్చాను. దూడ మెడ ఒరుసుకుపోతోందని వాటిని తాడుకు చుట్టారు. "తొడుగు వేసుకుంటే వేరు ఎక్కడ తెగిందో వేలికి తెలియదు" అంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకు అర్థం కానిది ఒక్కటే. పీకేసిన చోట కూడా గడ్డి ఎందుకు రాదు? మొక్క పోయింది, ఎండ ఉంది, తడి ఉంది, విత్తనం మంచిది. మరి నేలకేమైంది? నీ మట్టి పరీక్షల ఆఫీసు ఎప్పుడైనా మన ఇంటికి పనికొచ్చేదుంటే అది ఇప్పుడే. ఈ వానలకు వాలు పచ్చబడకపోతే ఆవుల్ని అమ్మేయాలి, మేత కొని మేపేంత శక్తి మాకు లేదు. ఆవులు పోతే మరోటి చూసుకోవచ్చు. కానీ ఆ గడ్డి లేకపోతే మీ అన్నయ్య ఏమవుతారో నాకు తెలియదు. చుట్టుపక్కల అందరూ ఆయన్ను గడ్డి డాక్టరు అంటారు. సగం వెక్కిరింత, సగం మర్యాద. ఆయన మాత్రం పూర్తిగా మర్యాదే అనుకుంటారు.

వదిన

*

పట్నం, మూడో అంతస్తు నుంచి

వదినా,

పొట్లాలు అందాయి. ఆఫీసులో విప్పగానే మన వాలు వాసన వచ్చింది, కాసేపు పని చేయబుద్ధి కాలేదు.

నేను చేసేది నీ తడిగుడ్డ పరీక్షే, కాకపోతే దానికి జీతం ఇస్తారు. మట్టిని నీళ్లలో నానబెట్టి వడకట్టి, ఆ నీళ్లు గాజు పళ్లెంలో పోసి గడ్డి విత్తనం వేస్తాను. అదే విత్తనం మంచినీళ్లతో ఇంకో పళ్లెంలో వేస్తాను. వేళ్లు ఎంత సాగాయో పక్కపక్కన పెట్టి చూస్తాను. అన్నయ్య విత్తనమే కావాలి, పిడికెడు పంపు.

నా అనుమానం చెబుతాను, కానీ ఇది అనుమానమే. ఆ మొక్క వేళ్ల నుంచి చేదు రసం లాంటిది నేలలోకి వదులుతుందని, పక్కన ఇంకోటి మొలవకుండా చేస్తుందని చదివాను. నీడ పడి చావడం వేరు, పోషణ చాలక చావడం వేరు. ఇది నేలలో మందు పెట్టి చంపడం. పీకేశాక కూడా ఆ మందు కొంతకాలం నేలలో ఉంటుంది. ఎంతకాలమన్నది మట్టిని బట్టి మారుతుంది, చూస్తేగానీ చెప్పలేను.

అన్నయ్యకు ఓపిక పట్టమని చెప్పు. చెప్పినా వినడనుకో, అయినా చెప్పు. ఆయన నాకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో ఆయన్నే అడుగు.

నీ ఆడపడుచు

*

కొండవాలు ఇంటి నుంచి,
మొదటి వాన తర్వాత

ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన ముఖం చూడాలి నువ్వు. ఇన్నాళ్లు తన విత్తనంలోనే ఏదో లోపమని లోలోపల కుమిలిపోతున్నారన్నమాట. "వేరులోనే ఉంది కదా విషం, వేరు లేకుండా చేస్తే సరి" అన్నారు. అప్పట్నుంచి తెల్లారితే వాలు మీదే ఉంటున్నారు. పీకిన మొక్కను వేరు కోసి అవతల పారేస్తారు. ఆకూ కాడా మాత్రం పారేయరు, మేత కత్తితో సన్నగా తరిగి, విత్తనం చల్లిన చోట దుప్పటిలా పరుస్తున్నారు, తడి ఆరకుండా. నేలది నేలకే అని మీ నాన్న మాట ఉంది కదా. ఈ ఇంట్లో గడ్డిపోచ తగలబెట్టడమంటే గుడ్లురుముతారు. ఈసారి విత్తనం నేల నిండా వేశారు, దాచింది ఇంకేమీ మిగల్లేదు. నీకు పంపే పిడికెడు కోసం నేను గొడవ పడాల్సి వచ్చింది.

ఆ పరిచిన చోటి మట్టి కూడా పంపుతున్నాను, నీలం దారం పొట్లం. ఇది బాగుందని నువ్వు రాస్తే ఆయన దాన్ని గోడకు అంటిస్తారు.

పాలు చేదుగా ఉన్నాయని పాల కేంద్రం వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మేత లేక ఆవులు ఆ మొక్కనే కొరుకుతున్నట్టున్నాయి. ఇక మీ అన్నయ్యకు కొత్తగా షోకు పట్టింది. ఇంత ఉక్కలో నిండు చేతుల చొక్కా, మెడకు నా పాత చున్నీ. పెళ్లిచూపులకా అని అడిగితే నవ్వలేదు.

వదిన

*

పట్నం నుంచి

వదినా,

నీలం దారం పొట్లం అందింది. పరీక్ష ఇంకోసారి చేయాలి, ఫలితం సరిగా తేలలేదు. ఇక్కడ వానలు ముందే వచ్చాయి, వీధంతా బురద. మా బిల్డింగు లిఫ్టు మళ్లీ పాడైంది. పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేకపోతున్నాను. ఆరోగ్యం జాగ్రత్త.

నీ ఆడపడుచు

*

కొండవాలు ఇంటి నుంచి

అమ్మాయీ,

లిఫ్టు గురించి రాయడానికి స్టాంపు అంటించావా? నీ నోట్లో నువ్వుగింజ నానదని మీ అన్నయ్య అంటుంటారు. అలాంటిది ఆరోగ్యం జాగ్రత్త అని ముగించావంటే ఏదో దాస్తున్నావు. పరీక్ష తేలింది. తేలకపోతే తేలలేదని నాలుగు పేజీలు రాసి ఉండేదానివి.

నిన్ను తిట్టే హక్కు నాకు లేదులే. నేనూ దాచాను.

నిండు చేతుల చొక్కా షోకు కాదు. ఆయన చేతులు మోచేతుల దాకా పగిలిపోయాయి. మొదట వేళ్ల సందుల్లో దురద అన్నారు, మట్టి పనిలో మామూలే అన్నారు. తర్వాత మెడ, చెవుల వెనక, ఇప్పుడు కనురెప్పలు. పొద్దున లేచేసరికి కళ్లు తెరుచుకోవు, గోరువెచ్చటి నీళ్లతో నేను తుడవాలి. పొక్కులు పగిలి రసి కారుతోంది. చున్నీ అంటుకుపోతే లాగనివ్వరు, తడిపి తీయాలి. ఎండలోకి వెళితే ఎక్కువవుతుంది, అయినా వెళ్తారు. చెల్లికి రాయొద్దు, కంగారు పడి పరిగెత్తుకొస్తుంది, పరీక్షలు ఆగిపోతాయి అన్నారు. నేను ఒప్పుకున్నాను. నీ జవాబు వచ్చేదాకా ఆగుదాం, గడ్డి మొలిస్తే పీకే పని తగ్గుతుంది, చేతులు అవే మానతాయి అనుకున్నాను.

విత్తనం వేసిన చోట ఏమీ రాలేదు. తరుగు కింద వేలు పెట్టి చూశాను. కొన్ని మొలిచాయి, మొలిచి కుళ్లిపోయాయి. ఆయనకు చెప్పలేదు. ఎవరికి ఏది చెప్పానో, ఏది చెప్పలేదో నాకే గుర్తుండడం లేదు. నువ్వైనా నిజం రాయి.

వదిన

*

పట్నం నుంచి

వదినా,

ఆ పని వెంటనే ఆపించు. చేతులకు ఆ మొక్క రసం తగలకూడదు, దాని దుమ్ము కూడా తగలకూడదు. అది మట్టి పుండు కాదు. గడ్డిని చంపేది ఏదో మనిషి చర్మాన్ని కాల్చేదీ అదే, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక ఒళ్లు దాన్ని గాలిలో కూడా ఓర్చుకోదు. క్లినిక్‌కు తీసుకెళ్లు, ఆయన వద్దన్నా సరే. నాకు ముందే ఎందుకు రాయలేదు? నాకు కోపంగా ఉంది, నీ మీద, ఆయన మీద. అందరికంటే ఎక్కువ నా మీద.

పరీక్ష మొదటిసారే తేలింది. మంచినీళ్ల పళ్లెంలో, ఇంటి వెనక మట్టి పళ్లెంలో విత్తనం చక్కగా వేళ్లు సాచింది. పెద్ద వాలు మట్టి పళ్లెంలో వేళ్లు పొట్టిగా, వంకరగా వచ్చాయి. నీలం దారం మట్టి పళ్లెంలో మొలక బయటికి వచ్చి, వేరు కొస గోధుమరంగుకు తిరిగి ఆగిపోయింది. మూడు పొట్లాల మట్టిలో అన్నిటికన్నా చెడ్డది అదే వదినా. అన్నయ్య పరిచి కాపాడుకున్న చోటిదే.

ఆ విషం వేళ్లలో ఉందని రాశాను గానీ ఆకులో, పూతలో ఇంకా ఎక్కువ ఉంటుందని రాయలేదు. రాయాల్సిన అవసరం వస్తుందని తోచలేదు, పీకినదాన్ని ఎవరైనా పారేస్తారు కదా అనుకున్నాను. మన ఇంట్లో ఏదీ పారేయరని నాకే గుర్తులేదు. ఆయన సన్నగా తరిగాడు, వాన పడింది, తరుగులోని రసమంతా తన విత్తనం మీదికే దిగింది. తన చేత్తోనే దానికి అన్నం పెడుతున్నాననుకుని విషం పెట్టాడు. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే లిఫ్టు గురించి రాశాను.

ఎంతకాలానికి నేల మామూలవుతుందో నాకు తెలియదు. పుస్తకాల్లో తలా ఒక మాట ఉంది. మొక్క పూర్తిగా పోతే నేల కొన్నాళ్లలో తేరుకోవచ్చు, కానీ దాని గింజలు నేలలో ఏళ్ల తరబడి పడుంటాయి. తప్పకుండా వస్తుందని రాయాలని ఉంది, రాయలేను.

ఈ తరుగు సంగతి అన్నయ్యకు చెప్పకు. ఒంటికి పడదని చెల్లి రాసిందని మాత్రం చెప్పి ఇక్కడికి పంపించు.

నీ ఆడపడుచు

*

క్లినిక్ వరండా నుంచి

అమ్మాయీ,

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం మనం.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆయన కళ్లు వాచి మంచం మీద కూర్చుని ఉన్నారు. చదవమన్నారు. నీ రాత ముందుగా చూసుకునే వ్యవధి ఇవ్వలేదు. మొదటి పేజీ చదివాను. రెండోది చూసుకుంటూనే తిప్పేసి, ఒంటికి పడదని చెల్లి రాసింది, పట్నం రమ్మంది అన్నాను.

"కళ్లు మూసుకుపోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి. నువ్వొక పేజీ తిప్పావు. అది చదువు" అన్నారు.

చదివాను. ఏం చేయను? నా గొంతులో మాట దాచడం నాకెప్పుడూ రాలేదు. అంతా విని నీలం దారం అంటే ఏ మడి అని అడిగారు. చెప్పాను. నేను ఆవులకు నీళ్లు పెట్టి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

వాలు మీద ఉన్నారు. దంతె పట్టుకుని ఆ తరుగంతా లాగేస్తున్నారు. పైపొర ఎండి పొట్టులా ఎగురుతోంది, గాలి ఎదురుగా ఉంది. కళ్లు సరిగా కనబడడం లేదు, అయినా ఆగరు. నేను దంతె లాక్కుంటే చేతులతో ఎత్తడం మొదలుపెట్టారు. వద్దని బతిమాలాను, తిట్టాను, చివరికి నేనూ ఎత్తాను, అలాగైనా త్వరగా అయిపోతుందని. అవలేదు. ఊపిరి అందక మోకాళ్ల మీద కూలబడ్డారు. పాల వ్యాన్ అతను చూసి ఎక్కించుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఊపిరి ఆడుతోంది. డాక్టరమ్మ మంచి మనిషి, నాకు కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పింది. మందులతో అణగదొక్కొచ్చు గానీ ఆ గాలిలో ఉన్నంతకాలం మళ్లీ మళ్లీ వస్తుందట. ఆ మొక్కా ఈయనా ఒకేచోట ఉండకూడదంది. మొక్కను పంపించే దారి ఆమె దగ్గర లేదు, నా దగ్గరా లేదు. చెప్పకపోతే చేతులు పోయాయి, చెబితే ఊపిరి పోబోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బస్సు ఎక్కిస్తాను. ఆవుల్ని వదిలి నేను రాలేను. నువ్వు స్టాండుకు రా.

వదిన

*

పట్నం, మూడో అంతస్తు నుంచి

వదినా,

అన్నయ్య తేరుకుంటున్నాడు. కనురెప్పలు దిగాయి. చేతుల మీద చర్మం పొరలుగా ఊడి కింద లేతగా వస్తోంది. పూటపూటకూ మందు రాస్తున్నాను, చిన్నపిల్లాడిలా చేతులు చాపి కూర్చుంటాడు. నాకు అది చూడబుద్ధి కాదు.

పొద్దంతా కిటికీ దగ్గరే. రోడ్డు మధ్య డివైడరులో మునిసిపాలిటీ వాళ్లు పెంచే గడ్డి ఉంది, దాన్ని చూస్తుంటాడు. మొదటి వారం తిట్టాడు, అది గడ్డి కాదు తివాచీ అన్నాడు. ఇప్పుడు నీళ్లు పెట్టేవాడు ఒక్కరోజు రాకపోతే కంగారు పడుతున్నాడు.

వాలు గురించి అడగడు. నువ్వెలా ఉన్నావని రోజూ అడుగుతాడు, ఆవులు ఎలా ఉన్నాయని అడగడు. నిన్న ఆ పళ్లేలు చూస్తానన్నాడు. ఆఫీసుకు తీసుకెళ్లాను. ఎర్ర దారం, తెల్ల దారం అన్నీ తల ఊపుతూ చూశాడు. నీలం దారం పళ్లెం దగ్గర ఆగిపోయాడు. భూతద్దం ఇచ్చాను. గోధుమరంగు కొసల్ని చాలాసేపు చూసి, "పాపం, తల బయటపెట్టి చూసి, వద్దనుకుంది" అన్నాడు. అంతే. తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద నా భుజం పట్టుకున్నాడు. అన్నయ్య నా భుజం పట్టుకుని నడవడం ఇదే మొదలు. నాకు ఏడుపు వచ్చింది, లిఫ్టును తిట్టి సర్దుకున్నాను.

మిగిలిన కాసిని విత్తనాలు ఇక్కడి మట్టిలో వేశాను, బాగా మొలిచాయి. సంతోషపడతాడని చూపించాను. ఇక్కడ మొలవడంలో గొప్పేముందమ్మా అన్నాడు. నేను అంత చదువుకుని, అన్నీ కొలిచి, ఏమీ చేయలేకపోతున్నాను వదినా.

నీ ఆడపడుచు

*

కొండవాలు ఇంటి నుంచి,
వానలు వెనకబట్టాక

అమ్మాయీ,

ఆవుల్ని ఇచ్చేశాను. ఆయనకు చెప్పడం, మానడం నీ ఇష్టం, ఈ విషయంలో ఇక నా తెలివి నేను నమ్మను. లారీ ఎక్కేటప్పుడు అవి నా వైపు కాకుండా ఇంటి వెనక తలుపు వైపు చూశాయి, ఆయన అట్నుంచే వస్తారు కదా. ముసలిదాన్ని మాత్రం ఎవరూ కొనలేదు. అది ఉన్నన్నాళ్లు నేనిక్కడే. దానికి పళ్లు లేవు, నాకు మొగుడు దగ్గర లేడు, ఒకరికొకరం సరిపోయాం.

ఆయన లాగేసిన తరుగును వాలు అవతల కుప్ప వేసి తగలబెట్టాను. ఈ ఇంట్లో గడ్డి తగలబెట్టడం అదే మొదలు. మంట చూస్తుంటే మామగారు వెనక నిలబడినట్టు భయం వేసింది.

వాలంతా తెల్లగా పూసింది. దారిన పోయేవాళ్లు కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు. నిన్న ఒకావిడ అదృష్టవంతులండీ మీరు, రోజూ ఇది చూస్తారు అంది. అవునమ్మా అన్నాను. ఇంకేమంటాను?

పెద్ద బండ వెనక, నీళ్లు ఊరే చోట పాత గడ్డి ఇంకా ఉంది, చాపంత. చుట్టూ అది కమ్ముకొస్తోంది. నేనొక్కదాన్ని కాపలా కాయలేను. అందుకే అందులోంచి ఒక చిన్న దుబ్బు మట్టితో సహా తవ్వి, పాల క్యాను కింది సగం కోసి అందులో పెట్టాను. పై మట్టి వీలైనంత ఏరాను. పాల వ్యాన్ అతను బస్సులో వేస్తానన్నాడు. ఆయన చేతికే ఇవ్వు. మామగారి నాటి గడ్డి, ఒక్కసారి కూడా దున్నని చోటిది. ఆయనకు చూడగానే తెలుస్తుంది, ఎక్కడిదని చెప్పక్కర్లేదు.

వదిన

*

పట్నం, మూడో అంతస్తు నుంచి

వదినా,

క్యాను అందింది. నువ్వన్నట్టే, చెప్పక్కర్లేకపోయింది. పైన కట్టిన గుడ్డ విప్పగానే వంగి వాసన చూశాడు. "బండ వెనకది" అన్నాడు. ఆ రోజు అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు, ఆవుల సంగతి కూడా అడిగాడు. చెప్పాను. తల ఊపి, ముసలిదాన్ని ఉంచుకుందా మీ వదిన అన్నాడు. నేను ఆ మాట ఇంకా చెప్పనే లేదు.

క్యాను కిటికీలో పెట్టుకున్నాడు. గడ్డి పచ్చగా నిలబడింది, కొత్త ఆకు కూడా వేసింది. మనిషి ముఖంలో కళ వచ్చింది. నేను ఆఫీసు నుంచి వస్తుంటే కింది నుంచే కనబడేవాడు, క్యాను పక్కన కూర్చుని. ఇక్కడితో ఆపేసి నీకు పంపుదామనుకున్నాను. మళ్లీ లిఫ్టు ఉత్తరం రాశానంటావు.

ఇవాళ గడ్డి దుబ్బు మధ్యలో వయ్యారిభామ మొలిచింది. ముందు నేను చూశాను, ఆకు చీలికలు చూడగానే తెలిసిపోయింది. ఆయన వెళ్లాక పీకేద్దామని ఊరుకున్నాను. ఆయన వెళ్లలేదు. ఆయనకు నాకంటే ముందే తెలుసు.

"తొడుగులున్నాయా అమ్మా నీ దగ్గర?" అని అడిగాడు.

ఆఫీసువి ఇచ్చాను. వేసుకోవడం తెలియక ఒక వేలిలో రెండు వేళ్లు దూర్చాడు, సరిచేశాను. మొక్కను మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. దాన్ని మట్టిలో పడనివ్వకుండా నా చేతిలోని ప్లాస్టిక్ కవరులో వేసి ముడి వేయమన్నాడు. నేలది నేలకే అనే మనిషి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూశాడు. తర్వాత తొడుగు వేసిన వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ నా ముఖంలోకి చూశాడు.

"నాకు తెలియడం లేదమ్మా. వేరు మొత్తం వచ్చిందా?"

వచ్చింది అన్నయ్యా, మొత్తం వచ్చింది అన్నాను.

సగం లోపలే తెగిపోయింది వదినా. గడ్డి వేళ్ల మధ్య ఎక్కడో ఉంది, తవ్వితే గడ్డి చచ్చిపోతుంది. ఆయన క్యానుకు నీళ్లు పోసి నిద్రపోతున్నాడు. ఇప్పుడు నన్నేం చేయమంటావు?

నీ ఆడపడుచు